అడ్డుగోడకు దక్కని కీర్తి
ఫుట్‌బాల్‌లో గోల్ కొట్టినవాణ్ణి ఊరంతా తలచుకుంటుంది గానీ, ప్రత్యర్థిని గోల్‌ దాకా రానీయకుండా అడ్డుకునే ఆటగాడి, అంటే డిఫెండర్ శ్రమ ఎవరి లెక్కలోకీ రాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టులో కోచ్ రహీం చేతిలో రాటుదేలిన సయ్యద్ ఖాజా అజీజుద్దీన్, 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల స్వర్ణం గెలిచిన భారత జట్టులోనూ, మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో పలువురు బూట్లు లేకుండానే బరిలోకి దిగి యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిన జట్టులోనూ, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించిన జట్టులోనూ ఉన్నారు. హెల్సింకీలో అంతటి ఓటమి తర్వాత నిలదొక్కుకోవడమే ఆయన అసలు ఘనత. ఘనతను గుర్తుంచుకోవడం మన పల్లెలకు తెలుసు: సిడ్నీ ఒలింపిక్స్‌లో 2000లో వెయిట్‌లిఫ్టింగ్ కాంస్యం గెలిచిన కరణం మల్లీశ్వరిని శ్రీకాకుళం, విజయనగరం పల్లెలు గుండెల్లో పెట్టుకున్నాయి. అలాగే అక్కడి మైదానాల్లో బంతి తన్నే పిల్లలకు అజీజుద్దీన్ పేరు కూడా పెద్దలు చెప్పాలి.