చిలకలూరిపేటలో ఫైనల్ ఆట

మార్టూరు నుండి ఉత్తరంగా చిలకలూరిపేటకు పోయే పెద్ద రోడ్డు ఒకప్పుడు ప్రకాశం జిల్లాలో నుండి గుంటూరు జిల్లాలోకి ప్రవేశించేది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు ఒకవైపు బాపట్ల జిల్లా అయింది, రెండవవైపు పల్నాడు జిల్లా అయింది. పేర్లు మారాయి గాని నేల మారలేదు. ఇరుప్రక్కలా అదే నల్లరేగడి. వాన పడితే కాలికి అంటుకొని చెప్పును వదలదు, ఎండితే పాదం దిగబడేంత నెర్రెలు విచ్చుతుంది. నవంబరు నెలలో ఈ దారిన ప్రయాణం చేసినవారికి పత్తి తీతకు వంగిన స్త్రీలు, మిరపచేలల్లో మందు కొట్టే మగవారు కనబడతారు. తరువాత గ్రానైటు పలకలు కోసే కర్మాగారాలు, జిన్నింగు మిల్లులు, స్పిన్నింగు మిల్లులు. అటు తరువాత పేట.

2023 నవంబరు 19, ఆదివారం నాడు మేము ఈ దారినే వెళ్ళాము. అహమ్మదాబాదులో ఆనాడు ప్రపంచకప్పు క్రికెట్ ఫైనల్. మన జట్టు అంతకుముందు ఆడిన పది ఆటలూ వరుసగా గెలిచింది. అందుచేత ఊళ్ళలో ఉత్సాహం ఇంతా అంతా కాదు. అనేక పట్టణాలలో పెద్ద తెరలు కట్టారు. పేట దగ్గర రోడ్డు ప్రక్కనున్న ఒక లాడ్జివారు తమ ఫంక్షన్ హాలులో తెర కడుతున్నారని మా యౌవనస్థులు విని వచ్చారు.

వచ్చిన చిక్కు ఏమిటంటే ఆట మధ్యాహ్నం రెండు గంటలకు. మా గుడిలో ఆరాధన పదిన్నరకు మొదలై, ప్రసంగము, కానుకలు, ప్రకటనలు, ఆపైన కమిటీవారి మాటలు ముగిసేసరికి ఒంటిగంట దాటుతుంది. ఆరాధన తొమ్మిదికే పెట్టమని పిల్లలు అడిగారు. పెద్దలు ససేమిరా అన్నారు. "మిరపనారుకు నీళ్ళు పెట్టాలని మేమెప్పుడైనా గంట ముందుకు జరపమని అడిగామా?" అన్నారు ఒక పెద్దాయన. నిజమే, అడగలేదు. సంఘకాపరి అయ్యగారు మాత్రం ఒక మాట చెప్పారు. "వేళ మారదు. ప్రసంగం మాత్రం కుదిస్తాను. నేను కూడా మీతో వస్తాను." ఆ రెండవ మాట విని కొందరి ముఖాలు వాడిపోయిన సంగతి మేము చూశాము.

పన్నెండుంబావుకు ఒక టాటా మ్యాజిక్‌లో పదిమందికి బదులు పదహారుమంది ఎక్కాము. ఆ యేడు సాగరు కుడికాలువకు సరిగా నీళ్ళు రాలేదు. వానలూ ముఖం చాటేశాయి. మిరప మోకాలెత్తున ఆగిపోయి కనిపించింది. ఎకరం మిరపకు లక్షకు పైగా పెట్టుబడి పెట్టి, కౌలు కూడా ముందే చెల్లించినవారు మా బండిలోనే నలుగురు ఉన్నారు. అయినా దారి పొడుగునా మాట్లాడింది మాత్రం కోహ్లీ గురించీ షమీ గురించీ.

హాలు పెళ్ళిళ్ళకు కట్టినది. వేదిక మీద వధూవరుల కుర్చీలు ఒక మూలకు నెట్టి, తెల్లటి తెర కట్టారు. మిల్లు కార్మికులు, లారీ డ్రైవర్లు, పురుగుమందుల దుకాణాల గుమాస్తాలు, కాలేజీ పిల్లలు, భార్యాపిల్లలతో వచ్చిన ఉపాధ్యాయులు, అందరూ కలిసి మూడు నాలుగు వందలమంది ఉంటారు. సమోసాలు, బఠాణీలు వచ్చిపోతున్నాయి. మన కెప్టెన్ రోహిత్ 31 బంతుల్లో 47 కొట్టినంతసేపు ఆ హాలులో ఎవరూ కూర్చోలేదు. ఎవరి పిల్లవాడో ఎవరి భుజాల మీదనో ఉన్నాడు. గుంటూరులో పుట్టిన ఎమ్మెస్కే ప్రసాద్, అంబటి రాయుడు భారత జట్టుకు ఆడిన రోజులను ఒక మాష్టారు మాకు తీరికగా చెప్పారు. కులమూ, మతమూ, పార్టీ అడగకుండా ఇంతమంది ఒకచోట కూర్చోవడం మన పల్లెలలో ఎన్నిసార్లు చూస్తాము? ఆటలో ఏమున్నది అని కొట్టిపారేసేవారు ఆ మధ్యాహ్నం అక్కడ ఉండవలసింది.

కొంతసేపటికి మాకొక వింత తోచింది. తెర మీద బౌలరు ఇంకా పరుగు మొదలుపెట్టకముందే పైఅంతస్తు గదులలో నుండి కేకలు వినిపించేవి. కేక వినబడిన కొంతసేపటికి ఇక్కడ వికెట్టు పడేది! మొదట అర్థం కాలేదు. తరువాత కాలేజీ అబ్బాయి ఒకడు వివరించాడు. హాలులోని బొమ్మ ఇంటర్నెట్టు ద్వారా వస్తున్నది, అది కొన్ని సెకన్లు ఆలస్యం. పై గదులలో కేబుల్ టీవీలు, వాటికి తోడు మైదానంలో నుండే కబురు వచ్చే ఫోను లైన్లు. పైన ఉన్నవారు ఆట చూడడానికి రాలేదు. ఈ ఓవరులో ఎన్ని పరుగులు, పది ఓవర్లకు ఎంత, తరువాతి వికెట్టు ఎప్పుడు అని ప్రతిదానికీ పందెం. కొందరికి సెకన్ల ముందు తెలిసిన సంగతికి మిగిలినవారు డబ్బు కడుతున్నారన్నమాట.

అమెరికాలో చదివే మా ఊరి పిల్లలు ఇటువంటిదే ఒక సంగతి చెబుతుంటారు. అక్కడ ప్రతి మార్చిలో కాలేజీ జట్ల బాస్కెట్‌బాల్ పోటీలు జరుగుతాయి. 68 జట్లు, ఓడినవాడు ఇంటికే. ఆ మూడు వారాలు లాస్‌వేగాస్‌లోని జూదపు హోటళ్ళలో గోడంత తెరలు పెట్టి వేలమంది చూస్తారు, పందేలు కాస్తారు. 2018 మే నెలలో వారి సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక అనేక రాష్ట్రాలు ఆటల పందేలకు చట్టబద్ధంగానే తలుపు తీశాయి. చిత్రమేమంటే ఆ ఆటను కనిపెట్టినవాడు వేదాంత విద్య చదివిన మనిషి. జేమ్స్ నైస్మిత్ అనే ఆయన 1891 డిసెంబరులో, స్ప్రింగ్‌ఫీల్డు పట్టణంలోని వై.ఎమ్.సి.ఏ. శిక్షణ పాఠశాలలో, చలికాలం యౌవనస్థులు ఊరక కూర్చోకుండా రెండు పండ్లబుట్టలు బాల్కనీకి కొట్టి, పదమూడు నిబంధనలు వ్రాసి ఆట నేర్పాడు. నాలుగేండ్ల తరువాత వాలీబాల్ కూడా వై.ఎమ్.సి.ఏ. నుండే పుట్టింది. మన మిషను బోర్డింగు బడులలో చదివిన పెద్దలకు సాయంత్రం ఆ వాలీబాల్ నెట్టు జ్ఞాపకమే. నైస్మిత్ బుట్టకూ వేగాస్ హోటలుకూ మధ్య ఉన్న దూరమే, ఆ హాలులో క్రిందికీ పైకీ మధ్య మాకు కనిపించింది. మెట్లు మాత్రం ఇరవై.

ఆ మెట్ల మీద మా ఊరి అబ్బాయి ఒకడు దిగుతూ అయ్యగారికి ఎదురుపడ్డాడు. బండిలో మాతో రాలేదు. పొద్దుట గుడికీ రాలేదు. కౌలురైతు కొడుకు. తొలి తీత పత్తి అమ్మిన డబ్బు తండ్రి వాడి చేతికే ఇచ్చి, మందుల కొట్టు బాకీ కట్టి రమ్మన్నాడు. అయ్యగారు తిట్టలేదు. "అన్నం తిన్నావా?" అని అడిగారు. వాడు తల వంచుకున్నాడు. "ఇండియా మీద ఎంత పెట్టావు?" అంటే మొదట ఐదువేలన్నాడు. తరువాత నలభై అన్నాడు. ఇంకా ఎంత మిగిలిందని అడిగితే పన్నెండువేలు చూపించాడు. "అది ఆట అయ్యేవరకు నా దగ్గర ఉంచుతావా?" అన్నారు. వాడు చాలాసేపు నిలబడ్డాడు. చివరకు ఇచ్చాడు. వాడి చేయి ఎందుకు తెరుచుకున్నదో మాకు ఇప్పటికీ తెలియదు.

ఆట సంగతి అందరికీ తెలిసినదే. మనవారు 240కి ఆలౌటు. ఆస్ట్రేలియా 47కి మూడు వికెట్లు పోగొట్టుకున్నప్పుడు హాలు మరొకసారి లేచింది. ఆపైన ట్రావిస్ హెడ్ 137 కొట్టాడు. ఆరు వికెట్లతో, ఏడు ఓవర్లు మిగిలి ఉండగానే వారు గెలిచారు. పైఅంతస్తు ఆ చివరి గంటలో పూర్తిగా నిశ్శబ్దమైపోయింది. క్రింద పిల్లలు ఏడ్చారు, సమోసాలవాడు మిగిలినవి సగం ధరకు ఇచ్చేశాడు, ఎవరిండ్లకు వారు వెళ్ళారు. వారు పోగొట్టుకున్నది ఒక ఆట మాత్రమే.

తిరుగు ప్రయాణంలో ఆ అబ్బాయి మా బండిలోనే కూర్చున్నాడు. రాత్రి పదకొండు గంటలకు అయ్యగారు వాడితో కలిసి వాళ్ళ ఇంటికి వెళ్ళి, ఆ పన్నెండువేలు తండ్రి చేతిలో పెట్టారు. తల్లి తలుపు దగ్గరే కూలబడింది. తండ్రి మాట్లాడలేదు. లెక్క రెండుసార్లు పెట్టాడు. పదహారు రోజుల తరువాత, డిసెంబరు 5న, మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. చెట్టు మీద మిగిలిన పత్తి తడిసి నల్లబడింది. ఆ నలభైవేలు ఉంటే ఆ ఇంటివారికి యాసంగి శనగ విత్తనాలకు సరిపోయేవి. మందుల కొట్టు బాకీకి వడ్డీ పెరిగింది. వాడు మార్టూరులో గ్రానైటు పనికి కుదిరి కొంచెం కొంచెంగా తీర్చాడు.

చట్టం లేక కాదు. మన రాష్ట్రంలో 1974 నాటి జూద నిరోధక చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ పందేలను కూడా అందులో చేర్చారు. 2025 ఆగస్టులో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. మంచిదే. అయితే పందెం ఫోనులో ఉన్నది, ఫోను మంచం ప్రక్కన ఉన్నది. మంచం దగ్గరకు పోలీసు ఎంతకని రాగలడు?

2024 జూన్ 29, శనివారం రాత్రి మరొక ఫైనల్ వచ్చింది. ఇరవై ఓవర్ల ప్రపంచకప్పు, దూరాన బార్బడోస్‌లో, దక్షిణాఫ్రికాతో. ఈసారి పేటకు పోనక్కరలేదని స్త్రీల సమాజంవారే అన్నారు. పెండ్లి వీడియోలు తీసే అతని దగ్గర ప్రొజెక్టరు తెచ్చి, పాస్టరు గారి ఇంటి గోడకు సున్నం వేయించి, దానిమీదే బొమ్మ వేశాము. కేబుల్ వైరు మేడమీద నుండి లాగి కట్టింది ఆ అబ్బాయే. ఊరిలో హిందువులు, ముస్లిములు కూడా చాపలు తెచ్చుకొని వచ్చారు. మరమరాలు, టీ ఇచ్చాము. చివరి ఓవరులో సూర్యకుమార్ గీత అంచున పట్టిన క్యాచికి కరెంటు స్తంభం మీది పక్షులు కూడా లేచిపోయాయి. మనవారు ఏడు పరుగులతో గెలిచేసరికి రాత్రి పదకొండున్నర.

చాపలు చుట్టేసరికి పన్నెండయింది. పెద్దాయన అయ్యగారి దగ్గరకు వచ్చి, రేపు ఆరాధన ఒక గంట ఆలస్యంగా పెట్టకూడదా అని అడిగారు. పదిన్నరకే అన్నారు అయ్యగారు.