కనిపించిందండీ!

డిగ్రీ మొదటి సంవత్సరంలో నేను ఒక అబద్ధం ఆడాను. నవ్వనంటే చెబుతాను.

మొదటి బోటనీ ప్రాక్టికల్. నలుగురికి ఒక మైక్రోస్కోపు. ఉల్లిపొర స్లైడు పెట్టి ఒక్కొక్కడూ కన్ను ఆనించడం, "అబ్బ, ఎంత బాగుందిరా!" అనడం. నా వంతు వచ్చింది. చూస్తే ఏముంది? నా కనురెప్పల వెంట్రుకలే! "కనిపించిందా?" అన్నారు మాస్టారు. "కనిపించిందండీ" అన్నాను. పక్కవాడి రికార్డు చూసి ఇటుకగోడలాగా గళ్ళు గీసి, ప్రతి గడికీ సరిగ్గా నడిమధ్య ఒక చుక్క పెట్టి, కేంద్రకం అని రాశాను. మాస్టారు 'గుడ్' అని సంతకం చేశారు.

ఏడాదంతా ఆ ఒక్క మాట మీదే నెట్టుకొచ్చాను. పరీక్షకి చదువుతుంటే రాబర్ట్ హుక్ తగిలాడు. 1665లో 'మైక్రోగ్రాఫియా' పుస్తకంలో బెండుముక్కలోని చిన్న గదుల బొమ్మ వేసి, వాటిని సెల్స్ అన్నాడు. ఆయన చూసింది చచ్చిన కణాల గోడలే అనుకోండి. అయినా చూసి గీశాడు గదా!

ఇంక మూడు రోజులే ఉంది. ఎగ్జామినర్ ఎదుట స్లైడు ఫోకస్ చేసి చూపించాలి, అక్కడ పక్కవాడి రికార్డుండదు. సాయంత్రం లాబ్ తాళం వేయబోతున్న అటెండరుగారి దగ్గరకెళ్ళి ఉన్నమాట చెప్పేశాను.

ఆయన తిట్టలేదు. ఉల్లిపొర నా చేతే తీయించి స్లైడు చేయించారు. "కిటికీ దగ్గరకి జరుపు బాబూ. ఎండ నేరుగా పడనివ్వకు, కళ్ళు పోతాయి. ఆకాశం వెలుగు చాలు." కింద అద్దం తిప్పితే లోపలంతా వెన్నెల పరచినట్టు తెల్లబడింది. ఏడాదిలో నేనా అద్దం ముట్టుకోనేలేదు! "ముందు చిన్న కటకం. కన్ను పెట్టి గొట్టం దించకు. పక్కనుంచి చూస్తూ గాజుకి తగలబోయేదాకా దించు. అప్పుడు కన్ను పెట్టి, పెద్ద మరని మెల్లగా పైకి తిప్పు. రెండో కన్ను మూయకు." ఈ సంగతి తెలియకే మా బాచ్‌లో ఒకడు హైపవర్ కటకం దించి కవర్‌స్లిప్పుని టిక్కుమనిపించాడు.

నల్లటి అంచుతో గుండ్రంగా ఒకటి తేలింది. "కనిపించింది!" అని అరిచాను, ఈసారి నిజంగానే. ఆయన చూసి, "గాలిబుడగ నాయనా. కవర్‌స్లిప్పు దబ్బున పడేశావు" అన్నారు. స్లైడు కుడికి జరిపితే బుడగ ఎడమకి పరుగెత్తింది. ఆ లోకంలో అన్నీ తలకిందులే!

ఇంకో పొర. సాఫ్రనిన్ చుక్క, నీళ్ళలో కడగడం, గ్లిజరిన్ చుక్క, సూది ఆనించి ఏటవాలుగా వాల్చిన కవర్‌స్లిప్పు. గులాబీరంగు గోడలు వచ్చాయి. 45 ఎక్స్ కటకానికి మార్చి (ఐపీసు 10 ఎక్స్, అంటే 450 రెట్లు) చిన్న మర ఒక్క రవ్వ కదిపాను. కేంద్రకం నడిమధ్య లేదు! చాలా గదుల్లో గోడని ఆనుకుని నక్కి ఉంది. మధ్య జాగా అంతా రిక్తికదేనట.

ఆ రాత్రే రికార్డులో ఖాళీ పేజీ మీద మళ్ళీ గీశాను. వంకర గళ్ళు, గోడవార కేంద్రకాలు, ఓ పక్క గాలిబుడగ కూడా. పరీక్ష గట్టెక్కింది. ఆ రెండో బొమ్మ కింద మాత్రం సంతకం లేదు. మాస్టారికి చూపించే ధైర్యం ఇప్పటికీ రాలేదు.