నడుము దగ్గర మూడు పట్టీలు

ఎడిన్‌బరో నుంచి ఇన్వర్‌నెస్‌కు రైల్లో మూడున్నర గంటల ప్రయాణం. పెర్త్ దాటాక ఊళ్లు పలచబడి కొండలు పట్టాల దాకా వచ్చేస్తాయి. డ్రుమోక్టర్ కనుమలో దారి 452 మీటర్ల ఎత్తుకు చేరుతుంది; బ్రిటన్ ప్రధాన రైలుమార్గాల్లో అంతకన్నా ఎత్తైన చోటు లేదు. కిటికీ బయట అంత అందం ఉన్నా మా అక్క కొడుకు కళ్లు ఫోన్ మీదే. పెళ్లి ఇన్వర్‌నెస్ అమ్మాయితో. పెళ్లికి స్కాట్లాండ్ మగవాళ్లు నడుముకు చుట్టుకునే గళ్ల కిల్టు కట్టుకోవాలని వాడి కోరిక.

“పిన్నీ, వెల్క్రోతో అంటించేదైతే చాలా చవక. క్షణంలో కట్టేసుకోవచ్చు,” అన్నాడు.

“ముందు కుట్టేవాళ్లను చూద్దాం, అక్కడ తేలుద్దాం,” అన్నాను.

దర్జీ దగ్గరకు వెళ్లే ముందు ఇన్వర్‌నెస్‌కు తూర్పున ఉన్న కల్లోడెన్ మైదానం చూశాం. 1746 ఏప్రిల్ 16న, బ్రిటన్ రాజుపై తిరగబడ్డ జాకబైట్లు ఓడిపోయింది ఇక్కడే. పాతకాలపు వేషం వేసుకున్న ఒకాయన నేలమీద పొడవాటి ఉన్నిగుడ్డ పరిచాడు. దాని కిందుగా తోలుబెల్టు పెట్టి, గుడ్డను చేత్తోనే కుచ్చిళ్లుగా మడిచి, వాటిమీద వెల్లకిలా పడుకున్నాడు. రెండు కొసలూ పొట్టమీదికి లాక్కుని బెల్టు బిగించి లేచి నిలబడ్డాడు. పాతకాలపు కిల్టు అంటే అదే: ఒక్క కుట్టు లేదు, ఒక్క గుండీ లేదు. ఆ బెల్టు ఊడితే ఒంటిమీద గుడ్డ మొత్తం నేలపాలే.

ఆ ఓటమి తర్వాత సైన్యంలో ఉన్నవాళ్లు తప్ప హైలాండ్ మగవాళ్లెవరూ ఈ దుస్తులు వేసుకోకూడదని చట్టం తెచ్చారు. 1782లో గానీ దాన్ని ఎత్తెయ్యలేదు. అప్పటికే పైభాగం పోయి నడుము కింది భాగం మాత్రమే మిగిలిన చిన్న కిల్టు వాడుకలో ఉంది. 1790ల నాటికి దాని కుచ్చిళ్లను కుట్టి స్థిరపరచడం మొదలైంది. కుచ్చిళ్లు కుట్టేశాక వాటిని పట్టి ఉంచే పని బెల్టుకు లేదు. నడుము దగ్గర ఇంకేదో కావాలి. మొదట్లో పిన్నులు గుచ్చేవారు, తర్వాత తోలుపట్టీలు, బకిల్స్ వచ్చాయి. ఇప్పుడు కిల్టు మీద వెడల్పాటి బెల్టు పెట్టుకుంటే అది అలంకారమే.

కిల్టులు కుట్టే ఆవిడ పెద్ద వయసు మనిషి. వేలికి అంగుస్తానా, ఒళ్లో సగం కుట్టిన గుడ్డ. కొలత టేపు తీసి మావాడి బొడ్డు దగ్గర చుట్టింది. ప్యాంటు నిలిచే చోటు కన్నా కిల్టు పైన నిలుస్తుంది, అంచు మోకాలి చిప్ప మధ్యకు రావాలి. వెల్క్రో మాట వాడే ఎత్తాడు. ఆవిడ కాదనలేదు. మరమ్మతుకు వచ్చిన ఒక పాత కిల్టు తెచ్చి, లోపలి లైనింగ్ పైకి ఎత్తి మా ముందు పెట్టింది.

ఎనిమిది గజాల మందపాటి ఉన్ని, దాదాపు రెండు కిలోల బరువు. చీర కుచ్చిళ్లు ముందుకు వస్తాయి, ఇక్కడ కుచ్చిళ్లన్నీ వెనక్కి, బరువూ వెనకే. ఆ లాగుడు పైగుడ్డ మీద పడకుండా లోపల కాన్వాసు ముక్క వేసి, పట్టీల కుట్లు దానిదాకా దించారు. ఇక వెల్క్రో అయితే ఉన్ని నూగు దాని కొక్కేల్లో చిక్కుకుని నానాటికీ పట్టు తగ్గుతుందట. నేను ఆ పట్టీలనే చూస్తూ ఉండిపోయాను. ఒక రంధ్రం సాగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. దానికి అంగుళం అవతల, బకిల్ ఏళ్ల తరబడి ఒరుసుకున్న నల్లటి గీత. తండ్రి కట్టుకున్నది, కొడుకు నడుము సన్నం కాబట్టి బకిల్స్ జరపడానికి ఇచ్చాడని ఆవిడ చెప్పింది. నా మటుకు నాకు అక్కడితో నిర్ణయం అయిపోయింది. ఇంత చేతిపని చేసిన బట్ట మనిషి ఒళ్లు మారిందని బీరువాలో పడి ఉండకూడదు. తోలుపట్టీ అరిగితే కొత్తది కుట్టుకోవచ్చు.

ఇక మిగిలింది పట్టీలు రెండా, మూడా అన్నది. కిల్టు ముందు భాగంలో ఒకదానిమీద ఒకటి వచ్చే రెండు పొరలుంటాయి. లోపలి పొర పట్టీ నడుములోని చీలిక గుండా బయటికొచ్చి ఎడమవైపు బిగుస్తుంది. పైపొర కుడివైపు బిగుస్తుంది. మూడోది కుడి తుంటి మీద, పైపొర లేవకుండా చూడటానికి. కొందరు దాన్ని వద్దంటారట. ఆవిడ తుంటిపట్టీని గట్టిగా లాగి చూపించింది: వెనక కుచ్చిళ్లు నోళ్లు తెరుచుకున్నాయి. వదులు చేయగానే మూసుకున్నాయి. ఉంచుకో, బిగించకు అన్నాను. మావాడు మూడు పట్టీలకే ఒప్పుకున్నాడు. నడుము పెరిగినా తగ్గినా చోటుండేలా బకిల్‌ను మధ్య రంధ్రానికి అమర్చి కుడతానంది ఆవిడ. ముందు అంచున పెట్టే పెద్ద పిన్నును పైపొరకే గుచ్చమనీ, రెండు పొరలకూ కలిపి గుచ్చితే నడిచేటప్పుడు గుడ్డ చిరుగుతుందనీ హెచ్చరించింది.

పెళ్లిరోజు మేజోళ్లు, బూట్లు ముందు వేయించాం. కిల్టు కట్టాక వంగితే ముందు పొర నలుగుతుంది. అక్క చేతులు వణుకుతుంటే నేనే ఎడమ పట్టీ, తర్వాత కుడి పట్టీ బిగించాను. భోజనాల దగ్గర వాడు రెండు వైపులా ఒక్కో రంధ్రం వదులు చేసుకున్నాడు. ఒకవైపే చేస్తే గళ్ల నడిమి గీత పక్కకు జరుగుతుంది. స్కాట్లాండ్ సంప్రదాయ కేలీ నృత్యాలు మొదలయ్యే ముందు మళ్లీ రెండు వైపులా బిగించుకుని, పెళ్లికూతురి చెయ్యి పట్టుకుని వరసలోకి వెళ్లాడు.