గిరినాగు లెక్కలో మా ఊరి మొదటి లైను

ఇది చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది. కానీ జీడిపిక్కలు ఏరే రోజులు దగ్గర పడుతున్నాయి కాబట్టి ఇప్పుడే చెప్పాలి.

మాది చీడికాడ వైపు కొండ దిగువ పల్లె. పదేళ్ళ కిందట ఏప్రిల్ నెలాఖరున మా జీడితోటలో పిక్కలు ఏరుతుంటే, కూలికొచ్చిన పిన్ని కేక పెట్టింది. వెదురు పొద పక్కన గిరినాగు. పన్నెండడుగులు ఉంటుందేమో. పడగెత్తి నిలబడింది. పారిపోలేదు, మీద పడనూ లేదు. పదిమందిమి కర్రలతో చుట్టుముట్టాం. మొదటి దెబ్బ నాదే. పక్కనున్న ఆకుల కుప్ప తన్ని చూస్తే లోపల గుడ్లు. పిల్లలైతే ఊరంతా పాములేనని కిరసనాయిలు పోసి అంటించేశాం. ఆ రోజు ఊర్లో నన్ను మెచ్చుకున్నారు కూడా.

మూడేళ్ళ కిందట సంక్రాంతికి బెల్లం, అరిసెలు పట్టుకుని ఉక్కునగరంలో అక్క వాళ్ళ క్వార్టరుకి వెళ్ళాను. బావ స్టీలు ప్లాంటులో చేస్తాడు. మధ్యాహ్నం పెరట్లో బట్టలుతికే బండ కింద పాము కనపడింది. నేను కర్ర కోసం వెతుకుతుంటే బావ "ఒరే, ఆగు" అని ఎవరికో ఫోన్ చేశాడు. అరగంటలో ఒక కుర్రాడు బండి మీద వచ్చాడు. జీతం లేదు, ఇష్టంతో చేస్తున్నాడట. కొక్కెం కర్రతో పట్టి, "జెర్రిపోతు బాబాయ్. విషం లేదు, ఎలకల్ని తింటది" అని సంచిలో వేశాడు. ఆ తర్వాత తేదీ, టైము, చోటు, పాము రకం, పొడవు అన్నీ రాసుకున్నాడు.

"ఇదంతా రాసి ఏం చేస్తావు?" అన్నాను.

"రాయకపోతే తగ్గుతున్నాయో పెరుగుతున్నాయో ఎలా తెలుస్తది బాబాయ్? మీదే ఊరు?"

చెప్పాను.

"అయితే మీ వైపు గిరినాగులు ఉంటాయి. ఎప్పుడన్నా చూశారా?"

కాసేపు నోరు పెగల్లేదు. తర్వాత అంతా చెప్పేశాను. అతను తిట్టలేదు. "అది తల్లి బాబాయ్. గూడు కాసుకుంటోంది. అందుకే కదల్లేదు" అన్నాడు.

అప్పుడు తెలుసుకున్నాను. ఆడ గిరినాగు ఎండుటాకుల్ని ఒంటితో లాగి కుప్ప చేసి, అందులో ఇరవై, ముప్పై గుడ్లు పెడుతుంది. వానలు పడ్డాక పిల్లలు బయటికొస్తాయి. దాని తిండి ఎక్కువగా వేరే పాములే, నాగుపాముతో సహా. 2024లో శాస్త్రవేత్తలు గిరినాగుల్ని నాలుగు జాతులుగా విడగొట్టారు. పడమటి కనుమలది వేరు, మనది వేరు. ఇక్కడ పోతే అక్కడి నుంచి తెచ్చి పూడ్చలేం. విశాఖలోని ఈస్టర్న్ ఘాట్స్ వైల్డ్‌లైఫ్ సొసైటీ వాళ్ళు దీని మీదే పనిచేస్తున్నారు. కానీ కొండ పక్కన ఎక్కడ తిరుగుతోందో ముందు కనపడేది మనకే. మనం చెప్పకపోతే ఆ లెక్క ఎవరి దగ్గరా ఉండదు.

అప్పట్నుంచి పాల లెక్క పుస్తకం వెనక పేజీల్లో నేనూ రాస్తున్నాను. తొలకరికి కప్పలు మొదట అరిచిన రోజు, గట్టు మీద ఏ పాము కనపడింది, ఎక్కడ. మొదటి లైను మాత్రం పాతదే: "ఏప్రిల్. గిరినాగు, ఆడది. చంపేశాం." పోయినేడు జూన్‌లో ఇంకో లైను చేరింది: "గిరినాగు. గెడ్డ దాటింది. నిలబడి చూశాం. పోయింది."

ఒక జాగ్రత్త. ఆసుపత్రుల్లో మనకిచ్చే పాముకాటు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర విషాలకే. గిరినాగుకి పనిచెయ్యదు. కాబట్టి ఫోటోల కోసం కూడా దగ్గరికి వెళ్ళకండి. కొట్టబోయినోడికే ప్రమాదం ఎక్కువ. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం చంపడం నేరం కూడా.

తోటలో ఆకుల కుప్ప, పక్కన పాము కనపడితే వెనక్కి వచ్చెయ్యండి. ఫారెస్టు వాళ్ళకి ఫోన్ చెయ్యండి. ఆ చుట్టుపక్కల నాలుగు చెట్ల పిక్కలు ఆ ఏటికి పోయాయనుకోండి. తేదీ మాత్రం రాసుకోండి.

మా తోటలో వెదురు పొద మూల ఊడవడం మానేశాను. ఆకు అలాగే ఉంది. ఇప్పటిదాకా ఏదీ రాలేదు.