మేము చదివిన మైనరు విద్య

మైనరు అను మాటకు మన తెలుగునాట రెండు అర్థములు ముందునుండియే ఉన్నవి. వయస్సు నిండని వానిని న్యాయస్థానమువారు మైనరు అందురు. తాతలు కూడబెట్టిన ఆస్తిని సెంటు పూసుకొని తిరుగుచు కరగదీయు చిన్నదొరను ఊరివారు మైనరుబాబు అందురు. 2020 నాటి జాతీయ విద్యా విధానము వచ్చిన పిదప విశ్వవిద్యాలయములలో మూడవ అర్థము ఒకటి వాడుకలోనికి వచ్చినది. ఒక శాస్త్రమును ప్రధానముగను, దానికి తోడుగా మరియొక శాస్త్రమును కొలది పాఠములతోను చదువు పద్ధతిలో ఆ రెండవదానికి మైనరు అని పేరు. భౌతికశాస్త్రమునకు తోడు జీవభౌతికశాస్త్రమును మైనరుగా తీసికొన్నామని ఇంట చెప్పినప్పుడు మాలో ఒకరి నాయనమ్మగారు, "చదువుకొమ్మని పంపితే మైనరు వేషాలు నేర్చినావా బిడ్డా?" అని నిలదీసినారు.

మేము ముగ్గురము. ఈ కళాశాలలోనే ఇంటర్మీడియట్ ముగించినవారము. ఇద్దరిది ఉర్దూ మాధ్యమము, ఒకరిది తెలుగు. మా అన్నలు, అక్కలు చదివిన కాలములో డిగ్రీ అనగా ఎం.పి.సి. లేదా బి.జెడ్.సి. ఒక గదిలోనివారికి కప్ప కనబడదు, రెండవ గదిలోనివారికి కలన గణితము కనబడదు. ఆ రెండు గదుల నడుమ ఒక తలుపున్నదని వినగానే మాకు ఉత్సాహము కలిగినమాట నిజము. కాని ఇంట పెద్దలు అడిగిన ప్రశ్న వేరు. "ఈ పేరుతో వచ్చిన ఉద్యోగ ప్రకటన ఒక్కటి చూపించు" అన్నారు. మేము నెలల తరబడి పత్రికలు వెదకినాము. భౌతికశాస్త్రము అని ఉన్నది, జంతుశాస్త్రము అని ఉన్నది. మా మైనరు పేరు మాత్రము కంటబడలేదు. మువ్వురి ఇండ్లలోను ఫీజు తేలికగా కట్టగల స్థితి లేదు. కనుక ఈ ప్రశ్న మా చదువు పొడుగునా మా వెంట వచ్చినది.

మొదట మాకు బోధించినది రక్తప్రవాహము. సన్నని గొట్టములో ద్రవము ఎంత పారునో చెప్పు సూత్రము భౌతికశాస్త్ర విద్యార్థులకు కొత్తది కాదు. దానిని కనుగొనిన ప్వాజేయ్ వైద్యుడని మాత్రము మాకు అప్పుడే తెలిసినది. రక్తపు ఒత్తిడిని పాదరసముతో కొలుచు సాధనమును ఆయన 1828 లోనే వాడినాడు. తరువాత రక్తము కేశనాళికలలో ఎట్లు కదలునో గ్రహింపగోరి, మిల్లీమీటరుకంటె సన్నని గాజు గొట్టములలో నీటిని పారించి కొలిచినాడు. ప్రవాహము వ్యాసార్ధముయొక్క నాలుగవ ఘాతమును అనుసరించును. ఒత్తిడి మారకుండ గొట్టపు వ్యాసార్ధము సగమైనచో ప్రవాహము సగము కాదు, పదునారవ వంతు అగును. ఐదవ వంతు తగ్గినచో మిగులునది నూటికి 41 పాళ్లు మాత్రమే.

ఆ నెలలోనే మాలో ఒకరి చిన్నాన్నగారికి గుండెలోని రక్తనాళమునకు స్టెంటు వేసినారు. అంత చిన్న తీగె గొట్టమునకు అంత ప్రభావమెట్లు కలిగెనని ఇంటిల్లిపాదీ ఆశ్చర్యపడుచుండగా మావాడు కాగితము మీద లెక్క వేసి చూపినాడు. మరునాడు తరగతిలో ఆ లెక్కను చదివి వినిపింపగా మా అధ్యాపకురాలు మెచ్చుకొని, వెంటనే, "గొట్టము గాజుదా, కండరముదా?" అని అడిగినారు. ఆ ప్రశ్నతో రెండు వారములు గడచినవి. రక్తము నీటివలె ఏకరీతి ద్రవము కాదు. అందు కణములు ఈదుచుండును. సన్ననాళములలో దాని స్నిగ్ధత తగ్గినట్లు కనిపించునని 1931 లోనే గుర్తించినారు. గుండె కొట్టుకొనునప్పుడెల్ల ఒత్తిడి మారుచుండును. అన్నింటిని మించి, చిన్న ధమనుల గోడలలోని కండరము బిగియుచు సడలుచు తన వ్యాసార్ధమును తానే మార్చుకొనును. పరిగెత్తునప్పుడు కాళ్లకు, భోజనానంతరము జీర్ణకోశమునకు రక్తము ఎక్కువగా చేరుట ఇందువలననే. నాలుగవ ఘాతము కనుక కొద్ది బిగింపే చాలును. భౌతికశాస్త్రపు లెక్కలో వ్యాసార్ధము ప్రశ్నలో ఇచ్చిన సంఖ్య. శరీరములో అది శరీరమే క్షణక్షణము ఎంచుకొను సంఖ్య. మా మేజరు పాఠములలో ఈ మాట మాకెవ్వరును చెప్పియుండలేదు.

నరములగుండ ప్రసరించు విద్యుత్తు, కంటిలో ప్రతిబింబము మొదలగు పాఠములను ఇచ్చట విస్తరింపము. బస్రాకు చెందిన ఇబ్న్ అల్ హైతమ్ 11వ శతాబ్దములోనే కంటి నిర్మాణమును, కిరణముల రేఖాగణితమును కలిపి, వస్తువులనుండి వచ్చు వెలుతురు కంటిలో ప్రవేశించుటవలననే చూపు కలుగుచున్నదని వాదించెనని మాత్రము చెప్పవలెను. శాస్త్రమునకు పేరు పెట్టుటకు ముందే శాస్త్రము ఉండును.

మమ్ము అన్నిటికంటె ఎక్కువగా పట్టుకొన్న పాఠము కొలాజెన్. చర్మమునకు, స్నాయువులకు, ఎముకలకు బలమిచ్చు ప్రోటీను అది. మూడు గొలుసులు ఒకదానినొకటి పెనవేసుకొనిన తాడువలె దాని నిర్మాణమున్నదని మద్రాసు విశ్వవిద్యాలయమున జి. ఎన్. రామచంద్రన్‌గారు, గోపీనాథ్ కర్తాగారు 1954, 55 సంవత్సరములలో చూపినారు. ప్రతి మూడవ స్థానమున గ్లైసిన్ ఉండవలెను. తాడు నడుమ అంతకంటె పెద్దది పట్టదు. 1963 లో రామచంద్రన్‌గారు తన సహచరులతో ప్రకటించిన పటము నేటికిని ప్రపంచమంతటను ఆయన పేరనే పిలువబడుచున్నది. ప్రోటీను గొలుసులో ఒక్కొక్క కూడలివద్ద తిరుగగల కోణములు రెండు. పరమాణువులను గట్టి బంతులుగా భావించి, అవి ఒకదానితో ఒకటి ఢీకొను కోణములను కొట్టివేసినచో మిగులు చోటు బహు తక్కువ. మాకు గ్రాఫు కాగితములిచ్చి, పది డిగ్రీల చొప్పున లెక్క కట్టుమన్నారు. 36 ను 36 తో హెచ్చించిన 1296 బిందువులు! ఒక వరుస చేతితో చేసి, తక్కినవి కంప్యూటరుకు అప్పగించినాము.

రామచంద్రన్‌గారి పరిశోధనకు స్నాయువు నమూనా మద్రాసులోని కేంద్రీయ తోళ్ల పరిశోధనాలయమునుండి వచ్చినదని అధ్యాపకురాలు చెప్పినప్పుడు, మాలో ఒకడు తలయెత్తినాడు. అతని తండ్రిగారు తోళ్ల మండీలో గుమాస్తా. రెండు సంవత్సరములుగా ఆ సంగతిని అతడు తరగతిలో ఎవరికిని చెప్పలేదు. అడిగినవారికి "వ్యాపారము" అని తప్పించుకొనువాడు. ఆనాడు లేచి నిలిచి, సున్నపు తొట్లలో వెండ్రుకలు ఊడదీయు విధమును, లందలో తంగేడు చెక్క కషాయమున తోళ్లను నానబెట్టు విధమును వివరించినాడు. చెక్కలోని టానిన్లు కొలాజెన్ పోగులను పట్టి బంధించుటచేతనే తోలు కుళ్లకుండునని అధ్యాపకురాలు బోర్డుమీద బొమ్మ గీసి చూపినారు. మరువారము అతడు పచ్చితోలు ముక్కను, క్రోమియముతో పదునుచేసిన ముక్కను తెచ్చినాడు. నీటిలో వేసి, ఉష్ణమాపకము పెట్టి, మెల్లగా వేడిచేసినాము. పచ్చితోలు 60, 65 డిగ్రీల నడుమ ఒక్కసారిగా ముడుచుకొని పోయినది. రెండవది మరుగు నీటిలోను నిలిచినది. మూడు పేటల తాడు విడిపోవుటను మేము కంటితో చూచినది ఆనాడే. చలికాలమున ఇంట వండిన పాయా చల్లారి గడ్డకట్టుట ఎందువలననో కూడ అప్పుడే అర్థమైనది: ఉడికి విడిపోయిన గొలుసులు చల్లారునప్పుడు అక్కడక్కడ మరల పెనవేసుకొనును.

ఆ సంఖ్యలను తండ్రిగారికి చెప్పగా, "నీళ్లు ఎంత వేడైతే తోలు పాడవునో మా చేతికి తెలుసు బేటా. మీకు అంకె దొరికింది, మంచిదే" అన్నారట. మేము ముగ్గురమును ఆ మాటను గూర్చి చాల దినములు మాటలాడుకొన్నాము.

ఇక భాష. ఇంగ్లీషు పాఠములను మాలో మేము తెలుగున, ఉర్దూలో చెప్పుకొనునప్పుడు ఒక విచిత్రము జరిగినది. తెలుగులో భౌతికశాస్త్రమువారికి సూక్ష్మమైన రేణువు కణము. జీవశాస్త్రమువారికి ప్రాణముగల గది కూడ కణమే. రెండు శాస్త్రములు కలిసిన చోట "కణములో కణము" అనవలసి వచ్చి నవ్వుకొన్నాము. ఉర్దూలో ఈ చిక్కు లేదు. మొదటిది జర్రా, రెండవది ఖలియా. మరి స్నిగ్ధత అని మనము సులభముగ పలుకుదుము; అదే లజూజత్ అనగానే ఉర్దూ మిత్రులే తడబడినారు. 1918 లో ఉర్దూ మాధ్యమమున ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు అనువాదశాల ఉండెడిది. 1968 లో ఏర్పడిన తెలుగు అకాడమీ తెలుగున పాఠ్యగ్రంథములు వెలువరించినది. ఆ ఇరువురి శ్రమను పక్కపక్కన పెట్టి చూచు అవకాశము మావంటి కళాశాలవారికి గాక ఎవరికి కలదు?

ఉద్యోగముల ప్రశ్నకు మావద్ద పూర్తి సమాధానము లేదు. ఒకరు పాఠశాలలో భౌతికశాస్త్రము బోధించుచున్నారు. మైనరును అచ్చట ఎవ్వరును అడుగలేదు. ఒకరు ఆసుపత్రి పరికరములు బాగుచేయు సంస్థలో ఉన్నారు, అచ్చట అడిగినారు. తోళ్ల మండీ మిత్రుడు ఇంకను చదువుచున్నాడు. కనుక ఇంటి పరిస్థితి విచారింపక ఈ మైనరును తీసికొమ్మని తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మేము చెప్పము. ఎం.పి.సి. వారు సూక్ష్మదర్శినిలో ఒక్కసారియైనను చూడవలెనని, బై.పి.సి. వారు ఘాతములను, లాగరిథములను భయము లేక నేర్వవలెనని మాత్రము చెప్పుదుము. దీనికై వారమునకు ఒక సాయంకాలము ఉభయ శాఖల ప్రయోగశాలలను తెరచియుంచవలసినదిగా పాలకవర్గమువారికి మనవి. నెలకు రెండు సాయంకాలములు మేము వచ్చి బోధించెదము. ప్రతిఫలము అక్కరలేదు, బస్సు ఛార్జీలు ఇచ్చిన చాలును.

మేము తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూటిలో వ్రాసికొన్న పదముల నోటుపుస్తకమును గ్రంథాలయమునకు ఇచ్చివేసినాము. దీనిని భౌతికశాస్త్రపు అల్మారాలో పెట్టవలెనా, జీవశాస్త్రపు అల్మారాలోనా, భాషల అల్మారాలోనా అని గ్రంథపాలకులు అడిగినారు. ప్రస్తుతము వారి మేజామీదనే ఉన్నది; అడిగినవారికి ఇచ్చెదరు.