గౌనిపల్లిలో రెండు ఎనిమిదులు

శ్రీనివాసపురం మామిడితోపులు దాటి గౌనిపల్లి చేరేసరికి పొద్దుగూకింది. 1956లో రాష్ట్రాలను భాషలవారీగా విడదీసినా, తెలుగు వినిపించే ఈ ఊరు మైసూరులోనే ఉండిపోయింది. చుట్టాలింట్లో బెంగుళూరు పిల్లలు నేర్పిన ఇరవైఒకటి ఆట సాగుతోంది. పందెం చింతపిక్కలు, ముక్కలు పంచేది అవ్వ.

మాకు రెండు ఎనిమిదులు వచ్చాయి. 16! ఇంకో ముక్క అడిగితే పదమూడు రకాల్లో ఎనిమిది రకాలు ముంచేవే. ఊరుకుంటే అవ్వ మునిగితే తప్ప మాకు గెలుపు లేదు. జత విడదీసి, రెండోదానికీ అంతే పందెం కట్టి, రెండు ఆటలుగా ఆడడమే మేలు. ఆసుల జతకూ అంతే. పదుల జత మాత్రం 20, ముట్టరాదు. ఇదంతా తెలిసీ, మిగిలిన గుప్పెడు పిక్కలూ పోతాయని జంకి ముక్క అడిగాము. తొమ్మిది!

అవ్వ పిక్కలు కొంగున కట్టుకొని, "విడదీసేదానికి మనసు రాలేదా నాయనా? లెయ్యండి, సంగటి చల్లారిపోతాది" అంది.