నిరర్గళం



"ఆయన నిరర్గళంగా ప్రసంగించాడు" అని వ్రాయని తెలుగు విద్యార్థి ఉండడు. ఆ మాటకు అర్థమేమిటని అడిగితే "ధారాళంగా" అని చెప్పేవారు ఎందరో ఉంటారు గాని, దానిని విడదీసి చూపేవారు కొద్దిమందే. అర్గళమంటే తలుపునకు అడ్డంగా వేసే గడియ. అర్గళం లేనిది నిరర్గళం. గడియ తీసిన తలుపులోనుండి వచ్చినట్లుగా మాట అడ్డులేక వస్తున్నదని భావం. ముప్పది ఏళ్ళకు పైగా నల్లబల్లమీద ఈ పదాన్ని విప్పి చూపిన నాకు, ఉద్యోగవిరమణ తరువాత ఒక అర్గళాన్ని నిజంగానే విప్పి చూడవలసి వచ్చింది. అది ఇంటి తలుపుది కాదు. మా కారు వెనుకతలుపుది.

మాది పాత చిన్నకారు. నాలుగు తలుపుల తాళాలు ఒక్కమారే పడి, ఒక్కమారే తెరుచుకునే ఏర్పాటు దానితోపాటు రాలేదు. 1983 డిసెంబరులో మారుతి 800 మన రోడ్లమీదికి వచ్చిన తరువాత చాలాకాలం మధ్యతరగతి కార్లన్నిటి సంగతీ ఇంతే. నడిపేవాడు ముందు తన తలుపు తెరుచుకుని, లోపలికి వంగి, మిగిలిన తలుపుల బొడిపెలను ఒక్కొక్కటిగా పైకి లాగేవాడు. మేము తరువాత బయట ఒక దుకాణంలో 'సెంట్రల్ లాక్' పెట్టించుకున్నాము. ఏళ్ళ తరబడి అది చక్కగా పనిచేసింది. ఈ వేసవిలో ఎడమవైపు వెనుకతలుపు మొరాయించింది. తాళం వేస్తే నాలుగు బొడిపెలూ దిగుతాయి. తీస్తే మూడే లేస్తాయి. నాలుగవదాని కడుపులోనుండి గుర్రుమని ఒక చప్పుడు మాత్రం వినవస్తుంది.

ఇంత చిన్న విషయానికి ఒక వ్యాసమా అని మీరనుకోవచ్చు. ఆ తలుపు మా ఇంటిలో ఎవరిదో చెబితే సంగతి బోధపడుతుంది. మోకాళ్ళ నొప్పులతో బాధపడే మా ఇల్లాలు ఎక్కేదీ దిగేదీ ఆ తలుపునుండే. పంజగుట్టలో నిమ్స్ ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ద్వారం దగ్గర బండి నిలిపే వ్యవధి ఎంతో మీకు తెలియనిది కాదు. వెనుకనున్న ఆటోలు హారన్లు మోగిస్తూ ఉంటే, నేను వెనుకకు చేయి చాచి బొడిపెను లాగుతూ, ఆమె పిడి పట్టుకుని తడుముకుంటూ ఉండడం ఒక సన్నివేశం. అది భరించవచ్చు. భరించలేనిది మరొకటి. సెలవులకు వచ్చిన ఆరేళ్ళ మనుమడు కూర్చునేది కూడా ఆ తలుపు ప్రక్కనే.

2025 ఏప్రిల్‌లో చేవెళ్ళ మండలం దామరగిద్దలో ఇద్దరు చిన్నారులు, మరుసటి నెలలో విజయనగరం దగ్గర ద్వారపూడిలో నలుగురు పిల్లలు, ఆగివున్న కార్లలో చిక్కుకుని ఊపిరాడక మరణించారు. ఆ వార్తలు చదివిన ఏ తాతకైనా, ఏ అమ్మమ్మకైనా తెరుచుకోని కారుతలుపు చిన్న విషయంగా కనబడదు. ఎండలో నిలిపిన కారులో అద్దాలన్నీ మూసివుంటే, లోపలి వేడి చాలా భాగం మొదటి అరగంటలోనే పెరిగిపోతుంది. అద్దం కొద్దిగా దించి ఉంచినా పెద్ద ప్రయోజనం లేదు. మన తెలుగులో గడియ అంటే తలుపునకు వేసేదీ, 24 నిమిషాల కాలమూ కూడా. రెండింటికీ ఇంతటి సంబంధం ఉంటుందని నేనెన్నడూ ఊహించలేదు.

"ఏమండీ, ఆ తలుపు సంగతి తేలేదాకా పిల్లవాణ్ణి ఆ బండి ఎక్కించేది లేదు" అని మా ఇల్లాలు తేల్చి చెప్పింది.

ఒక మరమ్మతుశాలకు తీసుకువెళ్ళాను. తలుపు తెరిచి చూడకుండానే, లోపలి తాళపు సరంజామా అంతా మార్చాలని, నాలుగువేల పైచిలుకు అవుతుందని, రెండురోజులు బండి వదలిపెట్టాలని చెప్పారు. ఏది చెడిందో చెప్పకుండా అన్నీ మార్చాలనడం నాకు నచ్చలేదు. ఇంటికి వచ్చి, ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో ముందుగా తెలుసుకున్నాను. తెలిసిన తరువాత అది నాకు వ్యాకరణంలాగానే తోచింది.

మన వ్యాకరణంలో ప్రేరణార్థకమని ఒకటి ఉన్నది. 'చేయు' అనే ధాతువునకు 'ఇంచుక్' చేరితే 'చేయించు' అవుతుంది. పని చేసేవాడొకడు, చేయించేవాడు వేరొకడు. కారుతలుపులోనూ అంతే. తలుపును పట్టివుంచేది ఉక్కు కొక్కెం. దాని ప్రక్కన ఒక చిన్న మీట ఉంటుంది. మీట ఒకవైపు ఉంటే పిడి పనిచేస్తుంది, రెండవవైపునకు జరిగితే పనిచేయదు. ఆ మీటను బొడిపె ద్వారా మన చేతితో కదల్చవచ్చు. లేదా ఆక్చుయేటర్ అనే సాధనం చేత కదిలించవచ్చు. ఇందులో ఉండేది 12 వోల్టుల చిన్న మోటారు, కొన్ని ప్లాస్టిక్ పళ్ళచక్రాలు, ముందుకూ వెనుకకూ జరిగే ఒక కడ్డీ. విద్యుత్తు ఒక దిశలో వస్తే కడ్డీ క్రిందికి దిగుతుంది. తీగల ధన ఋణాలు తారుమారైతే పైకి లేస్తుంది. ఈ పనికి ఒక్క సెకను కూడా పట్టదు.

కనుక చేయించేవాడు మంచం పట్టినంతమాత్రాన చేసేవాణ్ణి ఉద్యోగంలోనుండి తీసివేయనక్కరలేదు. మా తలుపు బొడిపె చేతితో లాగితే హాయిగా లేస్తున్నది. కొక్కెం బాగున్నది, మీట బాగున్నది. చెడింది ఇంచుక్ ఒక్కటే.

అమీర్‌పేటలో నేర్పని విద్య లేదంటారు. మైత్రీవనం చుట్టూ ఉన్న ప్రకటనలు చదవడానికే ఒక పూట పడుతుంది. అయినా కారుతలుపు విప్పడం నేర్పే కోర్సు నా కంటబడలేదు. మా పైఅంతస్తులో ఉండి ఏదో కంప్యూటరు కోర్సు చదువుతున్న కుర్రవాడు, "నేనూ వస్తా మాష్టారూ, ఇద్దరం కలిసి విప్పుదాం" అని ముందుకు వచ్చాడు. వాళ్ళ నాన్నకు ఊళ్ళో ట్రాక్టరు ఉన్నదట. పానాలు పట్టుకోవడంలో ఆ చేతివాటం కనబడింది.

విడిభాగం కోసం అమీర్‌పేటలో మెట్రో ఎక్కి, పారడైజ్‌లో దిగి, ఆటోలో రాణీగంజ్ చేరాను. మోటారు వాహనాల సామానుకు జంటనగరాలలో అది పేరుపడ్డ బజారు. దుకాణంలో "ఆక్చుయేటర్" అనగానే ఆ అబ్బాయి తల పైకెత్తకుండానే, "సెంట్రల్ లాక్ మోటరా సార్? రెండు వైర్లదా, అయిదు వైర్లదా?" అన్నాడు. ఆ ప్రశ్నకు సమాధానం చదువుకునే వెళ్ళాను గనుక పరీక్ష గట్టెక్కింది. నడిపేవాని తలుపులో ఉండేది అయిదు తీగలది. రెండు తీగలు మోటారుకు, మూడు తీగలు మిగిలిన తలుపులకు ఆజ్ఞ పంపే స్విచ్చికి. తక్కిన తలుపులలో ఉండేవి కేవలం ఆజ్ఞను పాటించేవి. వాటికి రెండు తీగలు చాలు. రూ. 250 ఇచ్చి రెండు తీగలది తెచ్చుకున్నాను. బొడిపె లేకుండా, మోటారు, తాళం కలిపి ఒకే పెట్టెగా ఉండే క్రొత్తకార్లకు ఈ పద్ధతి చెల్లదు. అక్కడ ఆ పెట్టెనే మార్చాలి.

ఆదివారం ఉదయం ఎండ రాకముందే సెల్లారులో పని ప్రారంభించాము. మొదట పాత మోటారు దగ్గరకు విద్యుత్తు వస్తున్నదా అని చూడాలి. తలుపునకూ బండికీ నడుమ రబ్బరు గొట్టంలోనుండి తీగలు వెళతాయి. తలుపు తెరిచినప్పుడల్లా అవి వంగుతాయి గనుక, ఏళ్ళు గడిచేసరికి అక్కడ తెగిపోవడం సామాన్యం. తీగ తెగివుంటే క్రొత్త మోటారు వేసినా ఫలితం శూన్యం. మాకు గుర్రుమనే చప్పుడు వస్తున్నది గనుక తీగ బాగానే ఉన్నదని తెలిసిపోయింది. తరువాత బ్యాటరీ ఋణధ్రువం తీగను విప్పి ప్రక్కకు పెట్టాము.

తలుపు అద్దాన్ని పూర్తిగా పైకెత్తి, లోపలి పిడి చుట్టూ ఉన్న మరలు విప్పాము. అద్దం తిప్పే పిడికి మర కనబడదు. దాని వెనుక ఒక ఉక్కు క్లిప్పు దాగి ఉంటుంది. పాతగుడ్డ పేలికను పిడి వెనుకగా దూర్చి, రెండు కొసలూ పట్టుకుని కవ్వం చిలికినట్లు ఇటూ అటూ లాగితే క్లిప్పు టప్పున ఊడి వస్తుంది. అది ఎగిరిపోకుండా కుర్రవాడు అరచేయి అడ్డం పెట్టాడు. అటుపైన డోర్‌ప్యాడ్‌ను క్రింది అంచునుండి మెల్లగా లాగితే, ప్లాస్టిక్ క్లిప్పులు ఒక్కొక్కటే విడివడినాయి. దాని వెనుక అతికించిన ప్లాస్టిక్ కాగితాన్ని చింపకూడదు. అద్దం సందునుండి దిగే వాననీరు లోపలికి రాకుండా కాపాడేది అదే.

అప్పుడు కనబడింది మన కథానాయకుడు. రెండు మరలతో తలుపు రేకుకు బిగించి, ఒక ఉక్కుకడ్డీతో తాళపు కడ్డీకి జోడించి ఉన్నది. విప్పి ఊపితే లోపల విరిగిన పళ్ళు గలగలమన్నాయి. క్రొత్తదానిని అదే చోట బిగించాము. ఇక్కడ జాగ్రత్త పడవలసినవి రెండు. మోటారు కడ్డీ, తాళపు కడ్డీ ఒకే వరుసలో కదలాలి. వంకరగా ఉంటే కొద్దికాలానికే మళ్ళీ పళ్ళు అరుగుతాయి. రెండవది, అద్దం క్రిందికి దిగేటప్పుడు దేనికీ తగులకూడదు. డోర్‌ప్యాడ్ మూయకముందే బ్యాటరీ కలిపి, తాళం పదిసార్లు వేసి తీసి చూశాము. బొడిపె దిగవలసినప్పుడు లేస్తే రెండు తీగలను తారుమారు చేస్తే చాలు. మాకు ఆ అవసరం రాలేదు. గంటన్నరలో పని ముగిసింది.

అసలు పని మాత్రం ఆ తరువాతనే మొదలైందని నా ఉద్దేశం. మోటారు మళ్ళీ ఎప్పుడైనా చెడవచ్చు, బ్యాటరీ చచ్చిపోవచ్చు. అప్పుడు మిగిలేది చేతిదారి ఒక్కటే. అందువలన నీడలోనే, నాయనమ్మను ప్రక్కన కూర్చోబెట్టి, మనుమణ్ణి వెనుకసీటులో ఉంచి, బయటినుండి తాళం వేశాను. "ఇప్పుడు బయటికి రా నాన్నా!" అన్నాను. వాడు బొడిపె లాగాడు, పిడి లాగాడు. తలుపు రాలేదు. బిక్కమొగం వేసుకుని, "తాతయ్యా, ఇది రిపేరు కాలేదు!" అన్నాడు.

రిపేరు అయింది. పిల్లల భద్రత కోసం వెనుకతలుపు అంచున ఉండే చైల్డ్‌లాక్ వేసి ఉన్నది. అది వేసివుంటే బొడిపె లేపినా లోపలి పిడితో తలుపు తెరుచుకోదు. బయటివారు తెరవాలి. నడుస్తున్న బండిలో అది రక్షణ. ఆగిన బండిలో ఒంటరిగా చిక్కిన పిల్లవానికి అదే అర్గళం. కనుక వాడికి రెండవదారి నేర్పాను. ముందుసీటులోకి ప్రాకి రావాలి, అక్కడి బొడిపె లేపి పిడి లాగాలి, అదీ రాకపోతే హారన్ వదలకుండా నొక్కాలి. చాలా కార్లలో తాళంచెవి లేకపోయినా హారన్ మోగుతుంది. వాడు హారన్ నొక్కే పాఠాన్ని అవసరమైనదానికంటె శ్రద్ధగా అభ్యసించాడు. వాచ్‌మన్ పరుగెత్తుకుని వచ్చాడు. పాఠం ఫలించిందనడానికి అంతకన్న నిదర్శనమేమి కావాలి?

మీరు తలుపులు విప్పుకోనక్కరలేదు, రాణీగంజ్ దాకా వెళ్ళనూ అక్కరలేదు. మీ ఇంట కారు ఉంటే, ఈ ఆదివారం నీడపట్టున నిలిపి నాలుగు తలుపులనూ ఒక్కసారి పరీక్షించండి. మీరు తెరిచి చూడడం చాలదు. దగ్గరే నిలబడి, ఇంటిలోని పిల్లల చేత తెరిపించండి. ఇంచుక్ అవసరమైన చోటు అదే.